ఇళ్ళు లేని పన్నెండు కిలోమీటర్లు

మదనపల్లెలో ఏడింటికి బయలుదేరిన వ్యాను పదకొండయినా పుంగనూరు దాటకపోయేసరికి దేవదానానికి ఒళ్ళు మండిపోతోంది. రెండు ఊళ్ళకూ మధ్య ముప్పై చిల్లర కిలోమీటర్లు. టమాటా లోడుతో మూలుగుతూ పోయే లారీ అయినా గంటలో చేరుతుంది. ఈ వ్యాను మాత్రం దారిలో తెలిసినవాళ్ళ ఇల్లు కనబడితే చాలు, ఆగుతుంది. పద్నాలుగు మందీ దిగుతారు. డప్పు కొట్టి పాడతారు, ప్రార్థన చేస్తారు, ఇంటివాళ్ళు పెట్టినవి తింటారు. తినకుండా కదిలితే ఆ ఇంటావిడ ఏడాదిపాటు మాట్లాడదు మరి. తీరా ఎక్కబోయే వేళకు ఎవరిదో చెప్పు కనబడదు. అది దొరికేదాకా ఇంకో పది నిమిషాలు.

ఆ రోజు డిసెంబరు ఇరవై నాలుగు. క్రిస్మస్ పాటల బృందాలు మామూలుగా రాత్రిపూట వీధుల్లో తిరుగుతాయి. వీళ్ళ పద్ధతి వేరు. మదనపల్లె నుంచి తలో ఊరికి చెదిరిపోయిన పాత కుటుంబాలను పలకరించుకుంటూ, పుంగనూరు, పలమనేరు మీదుగా సాయంత్రానికి కుప్పం చేరతారు. రాత్రి అక్కడి చర్చిలో ఆరాధన. ముప్పై ఏళ్ళుగా ఇదే వాడుక. వ్యాను నెత్తిన వెదురుబద్దలకు రంగు కాగితం అంటించి కట్టిన నక్షత్రం గాలికి చిరిగి, రెండు కొసలు అప్పుడే వేలాడుతున్నాయి.

వ్యానుకు వంద గజాల వెనక తెల్ల జీపు. అందులో దేవదానం పొద్దున్నుంచీ ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. స్టీరింగు దగ్గర శంకరప్ప, దేవదానం పనిచేసే క్వారీ ఓనరుకు స్వయానా మేనల్లుడు. అతనికి ఏ తొందరా లేదు. వక్కపొడి నములుతూ, వ్యాను ఆగితే ఆపుతూ, కదిలితే కదుపుతూ ఉన్నాడు.

"అద్దో, వాడే గదా డప్పు కొడతాండేది?" అన్నాడు శంకరప్ప.

వాడే. తాహిర్. తెల్ల చొక్కా వేసుకొని, మెడలో డప్పు తగిలించుకొని, పట్టపగలు అందరి మధ్యా నిలబడి వాయిస్తున్నాడు. తాళం అప్పుడప్పుడూ తప్పుతున్నాడు. ఆ తప్పు వినబడినప్పుడల్లా దేవదానం వేళ్ళు మోకాలి మీద తమంతట తామే సరిచేస్తున్నాయి. చిన్నప్పుడు పదేళ్ళు ఇదే వ్యానులో డప్పు కొట్టింది అతనే.

శాంతిపురం దగ్గర ఓనరుకు గ్రానైటు క్వారీ ఉంది. అందులో తాహిర్ డ్రిల్లింగు పనివాడు. మొన్న జులైలో అక్కడ బండ జారి రామచంద్ర అనే కూలీ నలిగి చచ్చిపోయాడు. కేసు అయితే క్వారీ మూతపడుతుందని ఓనరు ఆ శవాన్ని పనికిరాని రాళ్ళ కింద కప్పించేశాడు. రామచంద్ర ఎవరికీ చెప్పకుండా బెంగళూరు పారిపోయాడని ఊరంతా చెప్పించాడు. అతని భార్య గోవిందమ్మ నమ్మలేదు. అయిదు నెలలుగా ఆమె కుప్పంలో ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ఆ సాయంత్రం దూరం నుంచి చూసినవాడు తాహిర్ ఒక్కడే. ఇవాళ అయిదింటిలోగా కుప్పం కోర్టులో మేజిస్ట్రేటు ముందు నిలబడి చూసింది చెప్పాలి. ఇప్పటికే రెండుసార్లు భయపడి పోలేదు. మూడోసారీ పోకపోతే గోవిందమ్మ మాట వినేవాడే ఉండడు.

రామచంద్ర మీద రాళ్ళు కప్పినవాళ్ళలో దేవదానం ఒకడు. పార పట్టింది అతనే. తాహిర్ నోరు తెరిస్తే ముందు బయటపడే పేరు అతనిదే. కాబట్టి తాహిర్ కుప్పం చేరకూడదు. పొద్దున్నుంచీ అతని బుర్రలో తిరుగుతున్నది ఈ ఒక్క మాటే.

బస్టాండ్లలో ఓనరు మనుషుల కాపలా ఉందని తెలిసి, మదనపల్లెలో దాక్కున్న తాహిర్‌ను పాటల వ్యాను ఎక్కించింది స్వర్ణలత టీచరమ్మ. రిటైరయినా బృందానికి ఇంకా ఆమే పెద్ద. తాహిర్ ఆమె దగ్గర చదువుకున్నవాడు. ఆ మాటకొస్తే దేవదానమూ అంతే. అందుకే, తాహిర్ ఆ వ్యానులో పోతాడన్న కబురు అందగానే ఓనరు నిన్న అతన్ని పిలిచి, ఆ వ్యాను ఏ దారిన పోతుందని అడిగాడు. తనకు తెలిసిన సంగతి పెద్దవాళ్ళు అడిగేసరికి దేవదానం ఉబ్బిపోయి, ఇల్లిల్లూ చెప్పుకొచ్చాడు. చివర్న, అడక్కపోయినా, ఇంకోటి చెప్పాడు. "పలమనేరు దాటినంక ఏనుగుల అడవి వస్తాది సార్. పన్నెండు కిలోమీటర్లు ఒక్క ఇల్లుండదు. వాళ్ళు యాడా ఆగరు."

ఎందుకు చెప్పానా అని ఇప్పుడు అనిపిస్తోంది.

పుంగనూరులో మూడో ఇంటి దగ్గర పాట అయిపోయింది. టీచరమ్మ చేతిలో ప్లేటూ, టీ గ్లాసూ పట్టుకొని గేటు దాటి, రోడ్డు దాటి, నేరుగా జీపు దగ్గరికి వచ్చింది. దేవదానం సీట్లో కిందికి జారాడు. ఆరడుగుల మనిషి ఎంతని జారతాడు.

"తిను దానం. పొద్దున్నుంచి మా ఎనకాలే వస్తాండావు. ఆకలేస్తా ఉంటాది," అంది ఆమె.

అతను మళ్ళీ పైకి జరిగాడు. ప్లేటు అందుకున్నాడు. కేకు ముక్క, రెండు నిప్పట్లు ఉన్నాయి.

"ఈయప్ప ఎవురు?"

"ఫ్రెండు, టీచరమ్మా."

"ఆయప్పకూ పెట్టు." ఆమె శంకరప్ప మొహాన్ని పరీక్ష పేపరు చూసినట్టు కాసేపు చూసింది. "తాహిర్‌కు తాళం నిలవడం లేదు. చేతులు ఊరికే ఉంటే వచ్చి పట్టుకోరాదా?"

"లేదమ్మా. మాకు వేరే పనుండాది."

"తెలుసు," అంది ఆమె. అంతే. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడి, తీసుకొని వెళ్ళిపోయింది. భయం గానీ కోపం గానీ ఆ మొహంలో లేవు. తిట్టినా బాగుండేదనిపించింది దేవదానానికి. కేకు తినకుండా ప్లేటు శంకరప్ప వైపు జరిపాడు.

"ఏమప్పా, మెత్తబడతాండావా?" అన్నాడు శంకరప్ప నిప్పట్టు కొరుకుతూ.

"లేదన్నా. అడవిలో వ్యాను ఆపి వాణ్ణి దింపుకుంటాం. అంతే గదా మనం అనుకునింది?"

"అంతే, అంతే."

ఆ రెండో అంతేలో ఏదో తేడాగా వినబడింది. అడిగితే ఏం జవాబు వస్తుందోనని అడగలేదు.

పుంగనూరు దాటాక వ్యాను ఇంకా నెమ్మదించింది. ఎండ నడినెత్తికి వచ్చింది. దారి పొడుగునా టమాటా తోటలు, మధ్యలో ఒక్కో ఇల్లు. ఒకచోట ముసలాయన మంచం మీదే ఉంటే, లోపలికి పోయి మంచం చుట్టూ నిలబడి పాడారు. అరగంట. ఇంకోచోట ఇల్లు తాళం వేసి ఉంటే, వెళ్ళిపోకుండా పొలం నుంచి మనిషిని పిలిపించి మరీ పాడారు. దేవదానం జీపు దిగుతాడు, నాలుగడుగులు వేస్తాడు, ఎక్కుతాడు, మళ్ళీ దిగుతాడు. సెల్‌ఫోనులో టైము చూస్తాడు. వాళ్ళు ఆలస్యమైతే తనకే మంచిది కదా. కోర్టు మూసేస్తే ఎవరినీ దింపుకునే పనే ఉండదు. అయినా వాళ్ళు తొందరపడటం లేదేమని అతనికే ఆత్రంగా ఉంది. ఇదేం రోగమో అతనికి అర్థం కాలేదు.

రెండు కావస్తుండగా గంగవరం వచ్చింది. ఊరి చివర అతని తల్లి పాపమ్మ ఇల్లు. అతను గడప తొక్కి మూడేళ్ళయింది. తాగి వచ్చి చెయ్యెత్తిన రోజు ఆమె తలుపు వేసుకుంది. తర్వాత అతనే మొహం చెల్లక పోలేదు.

"దూరంగా పెట్టన్నా బండి. ఆ చింతచెట్టు కాడ," అన్నాడు.

శంకరప్ప దూరంగానే పెట్టాడు. దేవదానం టవలు తలకు చుట్టుకొని, జీపు వెనక నక్కి చూశాడు. తల్లి వాకిట్లో ఉంది. ఇంకా చిక్కిపోయింది. గుమ్మానికి చిన్న నక్షత్రం వేలాడదీసింది. పాట జరుగుతున్నంతసేపూ ఆమె పాడేవాళ్ళను కాదు, రోడ్డును చూస్తోంది. ఏటా ఇలాగే చూస్తుందేమో. పాట సగంలో ఉండగా కొంగు దోపుకొని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని, చరచరా జీపు వైపే నడిచి వచ్చింది.

"దానం," అంది. టవలు చుట్టుకుంటే తల్లి గుర్తుపట్టదనుకున్న తెలివికి ఏం చెప్పాలి.

"అమ్మా."

"పాటకు వచ్చినావా నాయినా. మళ్ళా పాటకు వస్తాండావా. ఈడ నిలబడితే ఎట్ల, ఇంట్లోకి రా."

అతను లేదనలేదు. లేదంటే ఎందుకొచ్చావని అడుగుతుంది. ఆ ఒక్క అబద్ధం, అదీ నోటితో చెప్పనైనా చెప్పనిది, అతని చెయ్యి పట్టుకొని ఇంట్లోకి లాక్కుపోయింది. పాపమ్మ కొడుకును చాప మీద తాహిర్ పక్కనే కూర్చోబెట్టింది. ఇద్దరికీ పప్పూ అన్నం వడ్డించింది. తాహిర్ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. పక్కనున్నది ఎవరో అతనికి తెలుసు.

"తినప్పా, భయం యాల? మావోడు చూసేదానికే అట్ల ఉంటాడు," అంది పాపమ్మ తాహిర్‌తో.

టీచరమ్మ ప్రార్థన చేసింది. అందరూ చేతులు పట్టుకోవాలంది. దేవదానం చేతిలోకి తాహిర్ చెయ్యి వచ్చింది. దాన్ని వదలలేకా, గట్టిగా పట్టుకోలేకా అలాగే ఉంచాడు. పాపమ్మ గట్టిగా దేవుడికి థ్యాంక్స్ చెప్పుకుంది. కొడుకు క్వారీలో మంచి పని చేసుకుంటున్నాడట. తాగుడు మానేశాడట. పాటకు తిరిగొచ్చాడట. ఒక్కో మాటకూ అతని మెడ ఒక్కో అంగుళం వంగింది. బయట శంకరప్ప హారను కొడుతున్నాడు.

లేచేసరికి పాపమ్మ చేతిలో సంచి ఉంది.

"నేనూ వస్తా కుప్పానికి. నువ్వు పోతాండావు, నేను ఈడ ఒక్కదాన్నే ఏం చేసేది. రాత్రి ఆరాధన చూసుకొని పొద్దున నీతో వచ్చేస్తా."

"వద్దమ్మా. దూరం. అలిసిపోతావు."

"కూర్చోని పోయేదానికి అలుపేంది?"

"రేపొస్తానమ్మా, నేనే వస్తా. ఇప్పుడు వద్దు."

"మూడేండ్లుగా వస్తానే ఉండావు గదా," అంది ఆమె నవ్వుతూ, వ్యాను వైపు నడిచింది. టీచరమ్మ జరిగి కిటికీ పక్కన చోటిచ్చింది. టీచరమ్మ కావాలనే ఎక్కించుకుందా అని దేవదానానికి తోచింది. ఆమె అతని వైపు చూడలేదు.

జీపులో పడ్డాడు. "అన్నా, మాయమ్మ ఎక్కింది దాంట్లో. ఇప్పుడు వద్దు. వదిలేద్దాం."

శంకరప్ప ఫోను తీసి దిగిపోయాడు. దూరంగా నిలబడి మేనమామతో మాట్లాడి వచ్చాడు. ఇంజను స్టార్టు చేశాడు.

"ఏమన్నాడన్నా?"

శంకరప్ప గేరు మార్చి పలమనేరు దాకా పోనిచ్చాడు. ఊరు దాటి, ఏనుగులున్నాయి జాగ్రత్త అన్న బోర్డు దాటాక నోరు విప్పాడు. "వ్యాను ఆపితే పద్నాలుగు మంది సాక్షులప్పా. ఇప్పుడు మీయమ్మతో పదిహేను. లోయలో పడితే యాక్సిడెంటు. మామ పొద్దున్నే చెప్పినాడు, నీకే చెప్పలే."

దేవదానం సీట్లో ముందుకు వంగాడు. ముందు వ్యాను పోతోంది. ఇళ్ళు లేని దారిలో అది మొదటిసారి వేగం అందుకుంది. అడవి రెండు వైపులా నిశ్శబ్దంగా ఉంది. ఎడమవైపు రోడ్డు అంచు తెగి కింద వాగు దాకా రాళ్ళే. ఎక్కడ వంపు వస్తుందో, ఎక్కడ అంచున గోడ లేదో అతనికి కంఠతా వచ్చు. అతనే చెప్పాడు కాబట్టి ఇప్పుడు శంకరప్పకూ వచ్చు.

"ఆపన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"జైలుకు పోయేది నువ్వు కూడానప్పా. మర్సినావా?"

"పోతా. నేను పోతా. నువ్వు ఆపు."

శంకరప్ప ఆపలేదు. వంపు ముందు కుడివైపుకు తీసి, వ్యాను పక్కకు వచ్చాడు. రెండు బండ్లూ ఒకదాని పక్కన ఒకటి పోతున్నాయి. దేవదానం కిటికీకి మూరెడు దూరంలో వ్యాను కిటికీ. అందులో తల్లి మొహం. కొడుకును చూసి సంతోషపడింది. చేతివేళ్ళు నోటి దగ్గర పెట్టుకొని, సరిగ్గా తిన్నావా అని అడిగింది.

శంకరప్ప స్టీరింగు ఎడమకు తిప్పడం మొదలుపెట్టాడు. దేవదానం మనిషి మొత్తం స్టీరింగు మీద పడి, భుజంతో దాన్ని కుడికి నెట్టాడు. శంకరప్ప మోచేత్తో మొహాన పొడిచాడు. ముక్కులోంచి రక్తం కారింది. అయినా వదల్లేదు. జీపు రోడ్డుకు అడ్డంగా తిరిగి, అవతలి గట్టెక్కి, చెట్టును గుద్దుకొని ఆగింది.

శంకరప్ప స్టీరింగు మీద వాలిపోయి ఉన్నాడు, ఊపిరి ఆడుతోంది. దేవదానం కుడికాలు ముందు రేకు కింద ఇరుక్కుంది. నొప్పి ఇంకా తెలియడం లేదు గానీ, కాలు ఉండాల్సిన తీరులో లేదని కనబడుతోంది.

వ్యాను ఆగింది. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది తాహిర్. రేకు వంచడానికి పళ్ళు కరిచి లాగుతున్నాడు. వెనకే వచ్చిన పాపమ్మ జీపు ఎక్కి సీటు అంచున కూర్చుంది. కొడుకు తల ఒళ్ళో పెట్టుకొని కొంగుతో రక్తం తుడుస్తోంది. టీచరమ్మ నూట ఎనిమిదికి ఫోను చేసింది. పలమనేరు నుంచి రావడానికి అరగంట పడుతుందన్నారు.

"టైమెంత?" అన్నాడు దేవదానం.

"మూడూ ముప్పావు," అన్నాడు తాహిర్.

"కుప్పానికి ఇంగా గంట దారి. పొండి."

"నిన్ను ఇట్ల ఇడిసిపెట్టి యాడికి పోయేదన్నా. నువ్వు లేకుంటే మేమందరం లోయలో ఉందుము. ఇంగోసారి పోతాలే కోర్టుకు."

ఆ మాట అంటున్నప్పుడు తాహిర్ మొహంలో కాస్త ఊరట కనబడింది. దేవదానం దాన్ని వెంటనే పోల్చుకున్నాడు. తప్పించుకోవడానికి ఒక మంచి సాకు దొరికిన మనిషి మొహం అది. అయిదు నెలలుగా అద్దంలో అతను చూసుకుంటున్నది అదే.

"అమ్మా, వీళ్ళను పొమ్మను," అన్నాడు.

"నోరు మూసుకోని ఉండు నాయినా. పాటకు వచ్చినోడికి ఇట్ల అయితే ఎట్ల పోతారు."

ఇక చెప్పక తప్పలేదు. ఏ మాటకు ఈ ముసలామె పొంగిపోయి సంచి సర్దుకొని వచ్చిందో, ఆ మాటను అతనే తీసేయాలి.

"నేను పాటకు రాలేదమ్మా. ఈ పిల్లోణ్ణి పట్టుకుపోయేదానికి వచ్చినా. పొద్దున్నుంచి దానికే వస్తాండా."

పాపమ్మ తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"క్వారీలో ఒకాయన చచ్చిపోయినాడు. రామచంద్ర అని. పోలీసులకు తెలీకుండా కప్పేసినాం. నేనే కప్పినా. ఆయప్ప భార్య మొగుడు వస్తాడని ఇంగా ఎదురుచూస్తా ఉండాది. తాహిర్ దూరం నుంచి చూసినాడు గానీ, యాడ కప్పిందీ వాడికి తెలీదు. క్వారీలో బండను మెట్లు మెట్లుగా కోసినాం గదా. మూడో మెట్టు కింద, నీళ్ళ ట్యాంకరు నిలబెట్టే కాడ. తూర్పు మూలకు."

పాపమ్మ అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"ఇంగోసారి చెప్పు," అంది ఆమె.

"అమ్మా..."

"నాకు రాసుకునేదానికి చదువు రాదు. ఇంగోసారి చెప్పు. యాడ?"

"మూడో మెట్టు కింద. నీళ్ళ ట్యాంకరు నిలబెట్టే కాడ. తూర్పు మూలకు."

ఆమె ఆ మాటల్ని పెదాలు కదుపుతూ రెండుసార్లు చెప్పుకుంది. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి కొడుకు నోట్లో పోసింది. అతని తలను ఒళ్ళోంచి తీసి టీచరమ్మ ఒళ్ళో పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, జీపు దిగింది.

"నేనుంటాలే ఈడ, బండి వచ్చేదాకా," అంది టీచరమ్మ.

పాపమ్మ తాహిర్ చెయ్యి పట్టుకుంది. "పా అప్పా. నువ్వు సూసింది నువ్వు చెప్పు. నేను ఇనింది నేను చెప్తా."

తాహిర్ కదిలాడు. వ్యాను దగ్గరికి పోయాక ఆమె ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఆయమ్మ పేరేంది?"

"గోవిందమ్మ," అన్నాడు దేవదానం.

"కోర్టు కాడ ఉంటాదా?"

"ఉంటాది. వాయిదా అంటే పొద్దున్నే వచ్చి మెట్ల కాడ కూర్చుంటాది."

"ఆమెకు ముందు నేనే చెప్తా. ఎవురి తల్లినో చెప్పి చెప్తా," అంది పాపమ్మ. పదమూడు మందీ ఎక్కేదాకా ఆగి, చివర్న తానూ ఎక్కి, తలుపు వేసుకుంది.